వెన్నెల తిన్న చోటే మంచి చోటు: హైదరాబాద్ నుంచి బెంగళూరు క్యాట్ షోకి

కార్తీకం చివరి శుక్రవారం, తెల్లవారుజామున మూడింటికి ఏఎస్‌రావు నగర్‌లో బయల్దేరాం. నేను, మా తమ్ముడు, రెండు పిల్లులు. వెన్నెల తెల్ల పర్షియన్, రాగి రంగు కళ్ళు, రెండేళ్ళది. గుమ్మడి మా ఇంట్లోనే పుట్టిన ఐదు నెలల క్రీమ్ రంగు పిల్ల. శని, ఆదివారాలు బెంగళూరులో షో. వెన్నెలకి అప్పటికే రెండు సీఏసీలు, అంటే చాంపియన్ టైటిల్ కోసం లెక్కపెట్టే సర్టిఫికెట్లు, ఉన్నాయి. మూడోది వస్తే చాంపియన్ అవుతుంది.

జాతి పిల్లుల్ని పెంచి, పిల్లలు పెట్టించి, షోలకి తిప్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఏ దారి మంచిది, ఏ హోటల్ మంచిది అని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. నేను చూసుకునేవి రెండే: అక్కడ పిల్లి తిన్నదా, మలమూత్రాలకి ట్రేలోని ఇసుకలోకి వెళ్ళిందా. ఇవి చిన్న విషయాలు కావు. పిల్లి రెండు మూడు రోజులు వరసగా తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది. మగపిల్లి ఒక రోజంతా మూత్రం పోయకపోతే అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన విషయం. కాబట్టి ఈ నాలుగు రోజుల్లో చూసిన చోట్లన్నిటికీ ఆ లెక్కనే మార్కులు వేస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. రైల్లో పిల్లిని మనతో పాటు ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే దొరకాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీల్లో ఒప్పుకోరు. లేదంటే బుట్టలో పెట్టి గార్డు దగ్గరి బోగీలో వేయాలి. ఆ ఇనుప చప్పుళ్ళలో, ఆ వేడిలో పర్షియన్‌ని వదిలే ధైర్యం నాకు లేదు. ముఖం చదునుగా ఉండే జాతి, ఊపిరి పీల్చుకోవడమే కష్టం. విమానాల్లో ఆకాశ, ఎయిరిండియా క్యాబిన్‌లోకి పిల్లిని రానిస్తాయి, ఇండిగో రానివ్వదు. రానిచ్చేచోట కూడా బుట్టతో కలిపి బరువు లెక్క ఉంటుంది. రెండు పిల్లులు, ఇసుక, ట్రే, డ్రయ్యరు, దువ్వెనలు, పంజరానికి తెరలు అన్నీ మోసుకెళ్ళేవాళ్ళకి కారే నయం. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే సుమారు 570 కిలోమీటర్లు, ఒకటే దారి.

గురువారం రాత్రే వెన్నెలకి స్నానం అయింది. ముందు జిడ్డు తీసే పేస్టు తోక మొదట్లో, చెవుల వెనక బాగా రుద్ది, ఆ పైన రెండుసార్లు షాంపూ, నీళ్ళు తేటగా కారేదాకా కడగడం, తరవాత రెండున్నర గంటలు డ్రయ్యరు పట్టి స్టీలు దువ్వెనతో పాయ పాయగా ఆరబెట్టడం. గాలి ఎంత వేడిగా ఉందో నా మణికట్టు మీద చూసుకుంటూనే ఉంటాను. ఆరాక మెడచుట్టూ టిష్యూ పేపరుతో ఒక కాలరు కడతాను. కంటినీరు, చొంగ ఛాతీ మీది జూలులోకి దిగకుండా అదే కాపాడుతుంది. తెల్లపిల్లికి ఒక్క పసుపు మరక పడినా జడ్జి టేబుల్ మీద దీపం కింద బంతిపువ్వులా కనబడుతుంది.

రాత్రి పదింటి తరవాత తిండి పెట్టలేదు. మత్తు మందు అసలే ఇవ్వను. చదునుముఖం పిల్లులకి మత్తులో ఊపిరి అందకపోవచ్చు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేసరికి ఇంకా వెలుతురు పూర్తిగా రాలేదు. కార్తీక స్నానాలకి దిగిన వాళ్ళ దీపాలు ఒడ్డున వరసగా కదులుతున్నాయి. వంతెన మీద వెన్నెల ఒక్కసారి మియావ్ అంది, అంతే.

కర్నూలు దాటాక టిఫిన్‌కి ఆగాం. పిల్లులున్న బండి ఆపాలంటే హోటల్ రుచి చూసే ముందు నీడ చూడాలి. ఒకరు లోపల తింటుంటే ఇంకొకరు ఏసీ వేసుకుని బండిలో ఉండాలి. ఈ హోటల్‌కి పెద్ద వేపచెట్టు ఉంది, దాని కింద కారు నిలిపే చోటూ ఉంది. ఉగ్గాని బజ్జి వేడివేడిగా ఉంది. బాత్రూము కడిగి ఉంది. కాపలా ఉన్న పెద్దాయన అద్దంలోంచి చూసి "ఇది కుక్కపిల్లామ్మా?" అన్నాడు. పిల్లి అని చెప్తే "అంత బొచ్చుతో ఎండకాలం ఎట్ల బతుకుతాది?" అని నిజంగానే బాధపడ్డాడు. ఏసీ ఉందని, వేసవిలో బయటికే తీయనని చెప్పేదాకా ఆయన కదల్లేదు. ఆ ప్రశ్న ప్రతి పర్షియన్ పెంపకందారు తనని తాను అడగాల్సిందే. ఏసీ పెట్టలేని ఇంటికి నేను పిల్లనివ్వను. తిరుగు ప్రయాణంలో కూడా ఆ వేపచెట్టు కిందే ఆగాం.

గుత్తి కోట, అనంతపురం, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి. రోడ్డు బాగుంది, చెప్పుకోవాల్సిందేమీ లేదు. దేవనహళ్ళి నుంచి ఊళ్ళోకి చేరడానికే గంటన్నర పట్టింది.

హోటల్ దగ్గర కథ మారింది. ఆన్‌లైన్‌లో పెంపుడు జంతువులకి అనుమతి అని స్పష్టంగా ఉంది, గది 3,400. కౌంటర్లో అబ్బాయి "పెట్స్ అంటే డాగ్స్ మేడమ్" అన్నాడు. అరగంట మాట్లాడితే ఇంకో 1,000 కట్టించుకుని తాళం ఇచ్చారు. డబ్బు నాకు పెద్ద బాధ కాదు. తలుపు తీయగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది. ఫినాల్ కలిసిన మందుల్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి సరిగా ఉండదు. అది తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు, లోపలికి పోతుంది. బకెట్టు అడిగి తెప్పించి నేనూ తమ్ముడూ మూడుసార్లు ఉత్త నీళ్ళతో తుడిచాం. అప్పటిదాకా రెండూ బుట్టల్లోనే ఉన్నాయి.

బుట్ట తలుపు తీయగానే వెన్నెల మంచం పెట్టె వెనక ఉన్న జానెడు సందులోకి దూరిపోయింది. పక్క గదిలో కుక్క ఉంది, పెద్ద జాతిదే అనుకుంటా. అది మొరిగినప్పుడల్లా సందులోంచి చిన్న బుస. తెల్లారి నాలుగింటికి టార్చి వేసి చూశాను. దుమ్ములో ముడుచుకుని కూర్చుంది, టిష్యూ కాలరు చొంగతో తడిసి గోధుమరంగుకి తిరిగింది. గిన్నెలో తిండి ముట్టలేదు, ఇసుక మీద ఒక్క పాదం గుర్తు కూడా లేదు. గుమ్మడి మాత్రం తన వాటా తిని, వెన్నెల వాటా కూడా తిని, నా దిండు మీద పడుకుంది. కుక్కలకి మంచి హోటలే కావచ్చు. పిల్లితో అయితే వెళ్ళొద్దు.

షో హాలు ప్రవేశం దగ్గర పశువైద్యుల తనిఖీ మాత్రం ఈ ప్రయాణంలో నేను చూసిన అన్ని సేవల్లోకీ గొప్పది. టీకా పుస్తకంలో ట్రైక్యాట్, రేబిస్ తేదీలు చూశారు, చిప్ నంబరు యంత్రంతో చదివి పుస్తకంతో పోల్చారు, చెవుల్లో పురుగులు, గోళ్ళు, ఒంటి మీద తామర మచ్చలు వెతికారు. నా ముందున్న అబ్బాయి పిల్లికి చెవి పక్కన రూపాయి బిళ్ళంత బొచ్చు ఊడి ఉంది. తామరని పట్టిచ్చే వుడ్స్ ల్యాంప్ అనే దీపం కింద ఆకుపచ్చగా మెరిసింది. ఆ డాక్టరమ్మ అతన్ని పక్కకి పిలిచి, మెల్లిగా చెప్పి, రాసిచ్చి, పంపేసింది. అతని ముఖం చూస్తే జాలేసింది. కానీ పర్షియన్ బొచ్చులోకి తామర ఎక్కితే ఇల్లంతా శుభ్రం కావడానికి నెలలు పడుతుంది. ఆమె చేసిందే సరైన పని.

హాలు లోపల అంత బాగాలేదు. పంజరాల వరసలు ఇరుకు, స్పీకరు మా నెత్తి మీదే. పిల్లులున్న చోట అంత గట్టిగా పాటలు పెట్టాల్సిన అవసరం ఏమిటో నాకు అర్థం కాదు. టేబుళ్ళ దగ్గర మాత్రం పద్ధతి ఉంది. ఒక్కో పిల్లి దిగగానే జడ్జికి సాయం చేసే స్టివార్డ్ క్రిమినాశని చల్లి టేబుల్ తుడిచేవాడు, జడ్జి చేతులు శుభ్రం చేసుకునేది.

వెన్నెల వంతు వచ్చింది. డబ్ల్యూసీఎఫ్ (వరల్డ్ క్యాట్ ఫెడరేషన్) పద్ధతిలో పది నెలలు దాటిన పిల్లి, ఇంకా టైటిల్ లేనిది, ఓపెన్ క్లాసులో నిలబడుతుంది. ఎక్సలెంట్ ఒకటి, అంటే ఎక్సలెంట్ మార్కుతో మొదటి స్థానం, వస్తేనే సీఏసీ. జడ్జి తల పట్టుకుని నుదురు, చెంపలు, నోరు, ముక్కు రంధ్రాలు చూసింది. రంధ్రాలు విశాలంగా తెరుచుకుని ఉన్నాయని మెచ్చుకుంది. నేను ఆ మెప్పు కోసమే నాలుగు తరాలుగా జతలు ఎంచుకుంటున్నాను. చదునుముఖం కోసం ఊపిరిని బలిపెట్టే పెంపకం నాకొద్దు. కానీ వెన్నెల టేబుల్‌కి అతుక్కుపోయింది. ఈక ఆడించినా చెవులు లేవలేదు, కళ్ళు సగం మూసే ఉంచింది. గడ్డం కింద మరక నేను పౌడరు వేసి ఎంత దువ్వినా పోలేదు. ఎక్సలెంట్ రెండు. కాగితం చేతికిస్తూ "ఇది నిద్రపోలేదు, కదూ?" అని అడిగింది. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఆ మార్కు వెన్నెలది కాదు, నేను ఎంచుకున్న గదిది.

గుమ్మడి ఏ చింతా లేకుండా మూడు నుంచి ఆరు నెలల పిల్లల క్లాసులో మొదటి స్థానం తెచ్చుకుంది. ఈక కోసం జడ్జి జేబులోకి ఎక్కబోయింది.

పంజరం దగ్గర రెండు రకాల జనం వస్తారు. ఒకరకం "ఫోన్‌పే కొట్టేస్తాం, ఇప్పుడే ఇచ్చేయండి" అనేవాళ్ళు. షోలో పిల్లనిచ్చే పద్ధతి నాకు లేదు. రెండు టీకాలు పడి, పన్నెండు వారాలు నిండి, వాళ్ళు మా ఇంటికొచ్చి తల్లిని చూశాకే మాట. రెండోరకం తోటి పెంపకందార్లు. విజయవాడ నుంచి వచ్చిన ఒకాయన తన మగపిల్లికి వెన్నెలని జత అడిగారు. ఆడపిల్లి మగపిల్లి ఇంటికి వెళ్ళడం ఈ పనిలో ఆచారం. ఊరు దూరమేమీ కాదు. పీకేడీ రిపోర్టు ఉందా అన్నాను. మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు అది, పర్షియన్లలో బాగా ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి దగ్గరున్నా సగం పిల్లలకి వచ్చే అవకాశం ఉంది. "ఆర్నెల్లప్పుడు స్కానింగ్ తీయించానండీ, ఏం లేదన్నారు" అన్నారాయన. అంత చిన్న వయసులో స్కానింగ్‌కి తిత్తులు దొరక్కపోవచ్చు, బుగ్గలోంచి దూదితో నమూనా తీసి డీఎన్‌ఏ పరీక్ష చేయించండి, అది ఏ వయసులోనైనా చెప్తుంది అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, ఫోనులో రాసుకున్నారు. చక్కటి మనిషి.

సాయంత్రం హోటల్ ఖాళీ చేసేశాం. మిగిలిన రాత్రులకి కట్టిన డబ్బు తిరిగి రాలేదు, పోతే పోయింది. డాక్టరమ్మే ఒక హోమ్‌స్టే చెప్పింది, రాత్రికి 2,200. పాత ఇల్లు, ఎర్ర గచ్చు, కిటికీలన్నిటికీ దోమల జాలి, మంచం కాళ్ళ మీద ఎత్తుగా, కింద అంతా ఖాళీగా కనిపిస్తూ ఉంది. నాకు అక్కడే ప్రాణం లేచొచ్చింది. కోలారు వైపు తెలుగు మాట్లాడే పెద్దావిడ. "పిల్లికి పాలు ఇచ్చేదామ్మా?" అంది. పెద్ద పిల్లులకి పాలు అరగవమ్మా, విరేచనాలవుతాయి అంటే, ఉప్పు, మసాలా లేకుండా కోడిమాంసం ఉడకబెట్టి, చల్లార్చి, నారలుగా తీసి పంపింది. నేల దేనితో తుడుస్తారని అడిగితే "ఉత్త నీళ్ళేనమ్మా, ముందు నాకూ పిల్లులుండె" అంది.

లైటు తీసేసి ఇద్దరం మాట్లాడకుండా పడుకున్నాం. పదకొండు దాటాక చీకట్లో గిన్నె కదిలిన చప్పుడు. తరవాత చాలాసేపు నాలుక చప్పుడు. ఆ తరవాత ఇసుక గీకే చప్పుడు, ఒకసారి, రెండుసార్లు, బాగా కప్పెట్టేదాకా. తమ్ముడు చీకట్లోనే "అక్కా, వెళ్ళింది" అన్నాడు.

ఆదివారం పొద్దున గడ్డం ఒక్కటీ గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెట్టాను. టేబుల్ ఎక్కగానే వెన్నెల నాలుగు కాళ్ళ మీద నిలబడి, తోక దించి, దీపంకేసి చూసింది. ఆ రోజు వేరే జడ్జి. ఈసారి ఎక్సలెంట్ ఒకటి, సీఏసీ. మూడోది. గుమ్మడి రెండోరోజు పంజరంలో హాయిగా నిద్రపోయింది. లేపి తీసుకెళ్తే టేబుల్ మీద కూడా ఆవలించింది. దానికి ఏమీ రాలేదు.

సోమవారం రాత్రికి ఇల్లు చేరాం. గుమ్మంలోనే బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని, బుట్టలు నేరుగా పై గదికి తీసుకెళ్ళాను. షోకి వెళ్ళొచ్చిన పిల్లుల్ని రెండు వారాలు వేరుగా ఉంచుతాను. కింద ఐదు వారాల కూనలు నాలుగున్నాయి, ఇంకా మొదటి టీకా పడలేదు. వెన్నెల తల్లి జాబిల్లి వాసన పట్టి మెట్లెక్కి వచ్చేసింది. తలుపు కింది సందులోంచి ముందుకాలు లోపలికి పెట్టి తడిమింది. లోపలి నుంచి తెల్లటి పాదం ఒకటి దాని మీద పడింది. మనసొప్పకపోయినా జాబిల్లిని ఎత్తుకుని కిందికి తెచ్చి, తలుపు కింద తడిగుడ్డ కుక్కాను.