గోపాల్‌పూర్: రేవు పోయి విడిదిగా మిగిలిన ఊరు

విశాఖ వైపు నుంచి వెళ్ళేవారికి ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా మొదలవుతుంది. ఆ తరువాత వచ్చే పెద్ద స్టేషను బరంపురం. అక్కడి నుంచి 16 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతం ఒడ్డున గోపాల్‌పూర్ ఉంది. పూరీ వెళ్ళేవారికి ముందు జగన్నాథుని దర్శనం, ఆ తరువాతే సముద్రం. గోపాల్‌పూర్‌లో సముద్రం చూడటం తప్ప వేరే పని లేదు. ఊరికి ఆ పేరు తెచ్చిందని చెప్పే గోపాలకృష్ణుని ఆలయం ఉన్నా, జనం వచ్చేది ఒడ్డున కూర్చోవడానికే. ఒక పూటలో నాలుగైదు ప్రదేశాలు చుట్టేయాలనుకునే కుటుంబాలకు ఈ ఊరు నచ్చకపోవచ్చు.

దీని చరిత్ర ఓడలతో మొదలైంది. ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర ఉన్న గంజాం పట్టణమే ఒకప్పుడు ఈ ప్రాంతానికి ముఖ్యకేంద్రం. 1815లో ప్రబలిన విషజ్వరాలకు ఆ పట్టణం దాదాపు ఖాళీ కాగా, జిల్లా కార్యస్థానాన్ని ఛత్రపురానికి తరలించారు, రేవు వ్యాపారం క్రమంగా గోపాల్‌పూర్‌కు చేరింది. ఇక్కడ సహజమైన నౌకాశ్రయం లేదు కనుక ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలిచేవి. కొబ్బరి పీచు తాళ్ళతో పలకలను కలిపి కుట్టిన మసూలా పడవలు ఆ అలల మీదుగా సరుకునూ మనుషులనూ చేరవేసేవి. మేకులు కొట్టిన పడవ అయితే ఆ తాకిడికి విరిగిపోతుంది, కుట్టిన పడవ అలతోపాటు వంగుతుంది. గంజాం బియ్యం ఇక్కడి నుంచే బయటికి వెళ్ళేది. గంజాం, విశాఖ జిల్లాల నుంచి బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువారిలో ఎందరో ఈ ఒడ్డు నుంచే రంగూన్ ఓడ ఎక్కారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ సేనల వశం కావడంతో ఆ రాకపోకలకు తెర పడింది, రేవు పాడుబడింది.

రేవు బతికి ఉన్న రోజుల్లోనే తెల్లదొరలూ, కలకత్తా సంపన్న కుటుంబాలవారూ ఇక్కడ గాలి మార్పు కోసం బంగళాలు కట్టుకున్నారు. మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు 1914లో పామ్ బీచ్ హోటల్‌ను ప్రారంభించాడు. అది తరువాత ఒబెరాయ్ సంస్థ చేతికి వెళ్ళి, ఇప్పుడు మేఫెయిర్ పేరుతో నడుస్తున్నది. వ్యాపారం పోయిన తరువాత ఊరిని నిలబెట్టింది ఈ విడిది అలవాటే. రేవు అలాగే సాగి ఉంటే గోపాల్‌పూర్ ఈనాటికి గోదాములతో, లారీలతో నిండిన మరో పట్టణం అయ్యేదని నాకు అనిపించింది. ఆధునిక ఓడరేవు కొంచెం ఉత్తరాన వేరుగా ఏర్పడటం ఒక విధంగా ఈ ఊరి అదృష్టమే.

ఇక్కడ తప్పక చూడవలసినవి ఆ శిథిలాలు. ఒడ్డున పాత రేవుకట్ట స్తంభాలు కొన్ని మిగిలి ఉన్నాయి. లోపలి వీధుల్లో నడిస్తే పైకప్పు కూలిన బంగళాలు కనిపిస్తాయి. ఒక బంగళా గుమ్మం మీద రావిచెట్టు మొలిచి, దాని వేళ్ళు సున్నపు గోడను రెండుగా చీల్చాయి, ఆ చీలిక పక్కనే గుర్రపు బండి నిలిపే వసారా మాత్రం చెక్కుచెదరలేదు. ఏ ఇల్లు ఎవరిదో, ఎప్పటిదో తెలిపే ఫలకం ఒక్కటీ నాకు కనబడలేదు. పర్యాటకం మీద ఆధారపడిన ఊరు తన కథను ఇంత నిర్లక్ష్యంగా వదిలేయడం బాధ కలిగించింది. లైట్‌హౌస్ ఎక్కడానికి సాయంత్రం కొద్దిసేపు మాత్రమే అనుమతిస్తారు కాబట్టి వేళ ముందుగా కనుక్కోవాలి. పైనుంచి చూస్తే ఒకవైపు సముద్రం, మరోవైపు సరుగుడు తోటలు, మధ్యలో సన్నని పట్టీలా ఊరు కనిపిస్తాయి.

తెలుగువారికి ఇక్కడ ఎదురయ్యే ఆశ్చర్యం భాష. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురంలో తెలుగు ఇప్పటికీ విరివిగా వినిపిస్తుంది, పూర్వ రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో పుట్టింది అక్కడే. గోపాల్‌పూర్ ఒడ్డున నోలియాలు అని పిలిచే మత్స్యకారుల ఇంటి భాష తెలుగే. నేను నీళ్ళలోకి దిగబోతుంటే, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తి, “ఇటు దిగకండి బాబూ, రెండడుగులేస్తే లోతే” అని శ్రీకాకుళం యాసలో హెచ్చరించారు. ఆ మాటను అందరూ పట్టించుకోవాలి. ఇక్కడి ఒడ్డు ఏటవాలు ఎక్కువ, అల వెనక్కి లాగే బలమూ ఎక్కువే. స్నానం చేయాలనుకుంటే ఒక నోలియాను తోడు తీసుకుని, ఇచ్చే మొత్తం ముందే మాట్లాడుకోవడం మంచిది. ఈతకు అనువైన తీరం కోరుకునేవారు ఇంత దూరం రానక్కరలేదు.

బస విషయంలో మూడు దారులున్నాయి. పాత పామ్ బీచ్ స్థలంలోని హోటల్ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారిని ఆకర్షిస్తుంది గాని, మధ్యతరగతి కుటుంబానికి అక్కడి ధర భారమే. ఒడిశా పర్యాటక సంస్థవారి పాంథనివాస్ రెండవది. మూడవది బీచ్ రోడ్డులోని చిన్న ప్రైవేటు హోటళ్ళు. నేను దిగింది అలాంటి ఒకదానిలోనే. సముద్రం కనిపించే గది అని చెప్పి ఇచ్చిన గదిలో సముద్రం కనిపించాలంటే బాల్కనీ చివర నిలబడి మెడ సాచవలసి వచ్చింది. ఉప్పుగాలికి కిటికీ గడియ తుప్పుపట్టి పూర్తిగా పడేది కాదు, రాత్రంతా తలుపు కొట్టుకుంటూనే ఉంది. వేడినీళ్ళు అడిగితే బకెట్‌తో తెచ్చి ఇచ్చేవారు. అయితే పనివారి మర్యాదకు వంక పెట్టలేను: తెల్లవారుజామున పడవలు తిరిగి వచ్చే వేళకు లేపమంటే, చెప్పిన సమయానికి టీతో సహా వచ్చి తలుపు తట్టారు. డబ్బు కట్టే ముందు గది, గడియ, కుళాయి, దోమతెర స్వయంగా చూసుకుంటే సగం చికాకులు తప్పుతాయి. బరంపురంలో ఇంతకంటె మెరుగైన గదులు దొరకవచ్చు గాని, అక్కడ బస చేస్తే గోపాల్‌పూర్‌కు ప్రాణం వంటి ఉదయాన్నీ రాత్రినీ కోల్పోతాము.

భోజనానికి పెద్ద ఏర్పాట్లేమీ లేవు. ఒడ్డున వేయించి ఇచ్చే చేపలూ రొయ్యలూ తాజాగా ఉంటాయి, శాకాహారులకు ఎంపిక తక్కువ.

చుట్టుపక్కల చూడవలసిన వాటిలో నా ఓటు ఋషికుల్య ముఖద్వారానికి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అక్కడ వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి. ఏ రాత్రి వస్తాయో ముందుగా చెప్పడం కుదరదు కనుక దాని కోసమే ప్రయాణం పెట్టుకుంటే నిరాశ ఎదురుకావచ్చు. చిలికా సరస్సు దక్షిణ కొస అయిన రంభ ఒక పూటకు సరిపోతుంది. తారాతారిణి ఆలయానికి చైత్రమాసపు మంగళవారాల్లో జనం కిక్కిరిసి ఉంటారు.

కాలం ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గాలులు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచాయి. ముందుగానే లక్షలాది మందిని తరలించడం వల్ల ప్రాణనష్టం చాలావరకు తప్పినా, ఇళ్ళూ తోటలూ బాగా దెబ్బతిన్నాయి. అక్టోబరు, నవంబరు మొదటి వారాల్లో వెళ్ళదలచినవారు వాతావరణ సూచనలు చూసుకుని బయలుదేరాలి. డిసెంబరు, జనవరి నెలలు హాయిగా ఉంటాయి గాని, సంవత్సరాంతంలో గదుల ధరలు పెరిగి ఒడ్డు నిండిపోతుంది. జనవరి రెండవ వారం తరువాత వారాంతం కాని రోజులు చూసుకుంటే గది బేరమాడవచ్చు. బరంపురం నుంచి బస్సులూ ఆటోలూ దొరుకుతాయి, కాని చీకటి పడ్డాక బస్సులు పలచబడతాయి. రాత్రి రైలు పట్టుకోవలసినవారు తిరుగు ఆటోను మధ్యాహ్నమే మాట్లాడి ఉంచుకోవాలి.