సాల్ట్ లేక్ సిటీ: 30 డాలర్ల టెంపుల్ వ్యూ, ఉచితంగా దొరికిన వాదన

రాత్రికి 30 డాలర్లు ఎక్కువ కడితే టెంపుల్ కనిపించే గది ఇస్తామని రాసి ఉంటే కట్టేశాం. తీరా కర్టెన్ తీస్తే క్రేను, పరంజా, పసుపు జాకెట్లు వేసుకున్న పనివాళ్ళు. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని “ఏదమ్మా గుడి?” అంది.

అమెరికాలో పుట్టిన మోర్మన్ క్రైస్తవ శాఖవాళ్ళ సాల్ట్ లేక్ టెంపుల్ 2019 డిసెంబర్ 29 నుంచి మూసి ఉంది. భూకంపాలకు తట్టుకునేలా పునాదుల కిందికి వెళ్ళి పని చేస్తున్నారు. అది అవసరమే. 2020 మార్చి 18న 5.7 తీవ్రతతో భూమి కదిలితే శిఖరం మీది మొరోనై అనే దేవదూత విగ్రహం చేతిలోని బాకా ఊడిపడింది. మరమ్మతు సంగతి ఊళ్ళో అందరికంటే ఎదురుగా ఉన్న హోటల్ వాళ్ళకే బాగా తెలుసు. అయినా బుకింగ్ పేజీలో మాత్రం ఆరు శిఖరాలూ మెరిసిపోతున్న పాత ఫొటోనే. కౌంటర్‌లో అడిగితే, గది టెంపుల్ వైపే ఉంది కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. గదికి 169, వ్యూకి 30, పార్కింగ్‌కి 28, డెస్టినేషన్ ఫీజు అని ఇంకో 20. వెరసి రాత్రికి 247 డాలర్లు, పన్నులు వేరే. ఆ ఫీజు దేనికయ్యా అంటే వై-ఫై, రెండు నీళ్ళ సీసాలు. టీ పెట్టుకుందామంటే కెటిల్ కూడా లేదు. మావారు ఆ రాత్రంతా రివ్యూ టైప్ చేస్తూ, చెరిపేస్తూ కూర్చున్నారు.

కాబట్టి ఆ వ్యూ జోలికి పోకండి. డౌన్‌టౌన్ బయట దిగి ట్రాక్స్ రైల్లో రండి. టికెట్ 2.50 డాలర్లు, ఊరి నడిబొడ్డున కొంత దూరం అదీ లేదు.

మాతో మావారి కొలీగ్ ఒకాయన వచ్చారు. అన్నయ్య అని పిలుస్తాను. గుంటూరు లూథరన్ కుటుంబం. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యాలు ఆయనకి ఇప్పటికీ అధ్యాయం, వచనంతో సహా నాలుక మీదే ఉంటాయి. ఈ టెంపుల్లో జరిగే ఆచారాలకు బైబిల్లో ఆధారం ఎక్కడుందో వాళ్ళ నోటే వినాలన్నది ఆయన పంతం. ఆ పంతమే మా ట్రిప్‌ని కాపాడింది.

టెంపుల్ పక్కనే ఉన్న టాబర్నకిల్ అనే సభామందిరం లోపల వేదిక మీద గుండుసూది జారవిడిస్తే చివరి వరసలో ఉన్న మాకు టిక్కుమని వినిపించింది. 11,623 గొట్టాల ఆర్గాన్ ఉన్నదీ అక్కడే, కచేరీ ఉచితం. బయటికి రాగానే ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక సిస్టర్ మిషనరీ పలకరించింది. నిండా ఇరవై రెండేళ్ళుండవు. అన్నయ్య తిన్నగా పాయింటుకి వచ్చేశారు. చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవడం ఎక్కడిది?

మొదటి కొరింథీయులకు 15:29, అంది ఆ అమ్మాయి తడుముకోకుండా. అన్నయ్య ఫోన్లో తెలుగు బైబిల్ తెరిచారు. పౌలు అక్కడ ‘వారు’ అంటున్నాడే గానీ ‘మనము’ అనడం లేదు, ఎవరో చేస్తున్న పనిని ఉదాహరణకు ఎత్తుకున్నాడు, చేయమని ఆజ్ఞాపించలేదు, అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, పక్కన బెంచీ మీదున్న ఒక పెద్దాయన్ని పిలిచింది. రిటైరయ్యాక అక్కడ స్వచ్ఛందంగా సేవ చేస్తున్నాడట. ఇక మేం లేచేసరికి మధ్యాహ్న భోజనం వేళ దాటిపోయింది.

పెద్దాయన దాపరికం లేని మనిషి. ఆ ఒక్క వచనం మీదే తామేమీ నిలబడలేదన్నాడు. మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఈ మాట మొదట చెప్పింది 1840 ఆగస్టులో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో ఒక అంత్యక్రియల ప్రసంగంలో. తొలి బాప్తిస్మాలు మిసిసిపీ నదిలోనే జరిగాయి. వాళ్ళ ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ గ్రంథంలో 124, 127, 128 ప్రకరణాలు దీని గురించే. టెంపుల్లో బాప్తిస్మపు తొట్టి పన్నెండు ఎద్దుల విగ్రహాల మీద ఉంటుంది. అది సొలొమోను మందిరంలోని ఇత్తడి సముద్రం, మొదటి రాజులు 7లో ఉంది. అయితే అక్కడ అది యాజకులు కడుక్కోడానికి, చనిపోయినవాళ్ళ కోసం కాదు కదా అని అన్నయ్య. ఔను, అన్నాడు ఆయన.

అసలు చిక్కు ఎండోమెంట్ దగ్గర వచ్చింది. టెంపుల్ లోపల సభ్యులకు మాత్రమే చేసే ప్రధాన క్రతువు అది. జోసెఫ్ స్మిత్ 1842 మార్చి 15, 16 తేదీల్లో ఫ్రీమేసన్లనే, రహస్య క్రతువులుండే సోదర సంఘంలో చేరాడు. మే 4న తన ఎర్ర ఇటుకల దుకాణం మేడ మీద తొలి ఎండోమెంట్ ఇచ్చాడు. మధ్యలో ఏడు వారాలు. చేతి పట్టులు, సంకేతాలు, ఏప్రన్లు రెండు చోట్లా ఉన్నాయి. పెద్దాయన దీన్నీ కాదనలేదు. మేసన్ల ఆచారం పూర్వపు యాజకత్వం నుంచే వచ్చి చెడిపోయిందని జోసెఫ్ అన్నట్టు ఆయన శిష్యుడు హీబర్ కింబల్ ఆ ఏడాదే ఉత్తరంలో రాశాడట, తొలితరం నమ్మకం అదేనన్నాడు. కానీ మేసన్ల క్రతువుల వెనక చరిత్రకారులకు కనిపించేది యూరప్ తాపీ పనివాళ్ళ సంఘాలే గానీ పూర్వపు యాజకత్వం కాదు. ఇంకోవైపు, కడగడం, నూనెతో అభిషేకించడం 1836లోనే ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌లో మొదలయ్యాయి, జోసెఫ్ మేసన్ కాకముందే. వాటికి నిర్గమకాండము 29లో అహరోనును కడిగి, బట్టలు తొడిగి, అభిషేకించిన ఘట్టం ఉంది.

నాకనిపించింది చెప్తాను. వస్తువు బైబిల్‌ది, నడక చాలామటుకు మేసన్ల సమావేశ మందిరానిది. ఆ ఏడు వారాలను కాకతాళీయం అంటే నేను నమ్మను. అలాగని మొత్తం కాపీ అని కొట్టిపారేసేవాళ్ళు కర్ట్‌లాండ్‌ని దాటేస్తున్నారు. వాళ్ళ మూల గ్రంథమైన మోర్మన్ గ్రంథంలో మాత్రం ఎండోమెంట్ ఊసే లేదు. అంటే ఆధారం చివరికి జోసెఫ్ స్మిత్ ప్రవక్త అన్న నమ్మకమే. అది ఉంటే వచనాలు సరిపోతాయి, లేకపోతే ఎన్ని చూపించినా చాలవు. సిలువ దగ్గర దేవాలయపు తెర చినిగిపోయాక మీ టెంపుల్లో మళ్ళీ తెర ఎందుకని అన్నయ్య చివరి బాణం వేశారు. పెద్దాయన ఆయన భుజం తట్టి, తన సంచిలోంచి అందరికీ చాక్లెట్లు పంచాడు.

అత్తయ్యకు మేసన్ల గొడవ పట్టలేదు. బతికున్నవాళ్ళు పోయినవాళ్ళకు చేయడం ఆవిడకు వింతే కాదు, గయలోనూ పిఠాపురంలోనూ మామయ్యకు పిండం పెట్టించి వచ్చింది. అవతలి లోకంలో ఆ బాప్తిస్మం వద్దనుకునే స్వేచ్ఛ పోయినవాళ్ళకు ఉంటుందని చెబితే, “అడిగి పెడతారన్నమాట, మంచిదే” అంది. మరి బతికున్నవాళ్ళ మాటేమిటి? నాజీల హోలోకాస్ట్‌లో చనిపోయినవాళ్ళ పేర్లు ఈ బాప్తిస్మాలకు వాడినందుకు యూదులు అభ్యంతరం చెబితే 1995లో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. గాంధీ పేరిట కూడా జరిగిందని 2012లో వార్తలు వచ్చాయి. ఆవిడకు కోపం తెప్పించింది మాత్రం పెళ్ళి సంగతి. టెంపుల్లో పెళ్ళికి అనుమతి పత్రం ఉన్న సభ్యులే లోపలికి వెళ్ళాలి. సభ్యురాలు కాని తల్లి బయటే. “కన్నతల్లి మాంగల్యం చూడకూడదా?” అని సాయంత్రం దాకా అదే గొణిగింది. 2019 నుంచి బయట పెళ్ళి చేసుకుని, ఏడాది ఆగకుండానే లోపల సీలింగ్, అంటే ఆ బంధం శాశ్వతమని చేసే క్రతువు, చేయించుకోనిస్తున్నారని చెప్పినా చల్లబడలేదు.

మోర్మన్ల వంశావళి గ్రంథాలయం, ఫ్యామిలీసెర్చ్ లైబ్రరీ, తప్పకుండా చూడండి. పైసా తీసుకోరు, ఓపిగ్గా చూపిస్తారు. తమ పూర్వీకుల పేర్లు దొరికితేనే కదా వాళ్ళకోసం బాప్తిస్మాలు తీసుకోవడం, అందుకే అంత కష్టపడి పోగేశారు. హరిద్వార్ పండాల వహీలు, అంటే వంశావళి పుస్తకాలు, కూడా మైక్రోఫిల్మ్ తీసి పెట్టారు. మా తాతగారి ఊరు కొడితే మాత్రం ఏమీ రాలేదు.

భోజనాల్లో మోసం ఇంకొకటి. సౌత్ ఇండియన్ బోర్డు చూసి వెళ్తే 14 డాలర్ల మసాలా దోశ చల్లగా, సాంబారు తియ్యగా. దానికి విరుగుడు స్పానిష్ ఫోర్క్‌లో దొరికింది, దక్షిణంగా గంట ప్రయాణం. అక్కడ పొలాల మధ్య రాధాకృష్ణుల గుడి, నెమళ్ళు, లామాలు. హోలీకి వచ్చే జనంలో మోర్మన్ విద్యార్థులే ఎక్కువట. ఎవరినీ ఆపరు. అత్తయ్య అక్కడ వేడి వేడి పప్పన్నం తిని, ఆ ట్రిప్‌లో మొదటిసారి “బాగుంది” అంది.

తొందర లేనివాళ్ళు 2027 దాకా ఆగడం మేలు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు సాల్ట్ లేక్ టెంపుల్‌ని అందరికీ చూపిస్తామన్నారు. 1893లో ప్రతిష్ఠ జరిగాక బయటివాళ్ళకు ఇలాంటి అవకాశం ఇదే మొదలు. గదులే చూపిస్తారు, క్రతువులు కాదు. అమెరికా రాలేనివాళ్ళకు బెంగళూరులో కూడా ఒక టెంపుల్ కడుతున్నారు, 2020 డిసెంబర్‌లో భూమిపూజ చేశారు. ప్రతిష్ఠకు ముందు దాన్నీ అందరికీ తెరవడం వాళ్ళ పద్ధతి. అన్నయ్య 2027కి ఇప్పుడే లీవులు దాస్తున్నారు. గది మాత్రం మావారు బుక్ చేయరట.