ఆరేళ్ల ఈ-ఫైలింగ్ తర్వాత: తిరుగుడు తప్పింది, జవాబు చెప్పేవాళ్లు లేరు

కోర్టు కాగితాలు ఆన్‌లైన్‌లో వేయడం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. మొదటి నెలంతా తిట్టుకున్నాను. రెండో ఏడాది కనిపించిన ప్రతివాళ్లనూ వాడమన్నాను. ఇప్పుడు వాడుతూనే తిట్టుకుంటున్నాను.

మంచి ముందు చెప్పాలి. ఉత్తర్వు నకలు కోసం వారాల తరబడి తిరిగిన రోజులు ఇంకా గుర్తే. ఇప్పుడు చాలాసార్లు ఆ సాయంత్రానికే ఫోన్లో ఉంటుంది. వాయిదా పడిన సంగతి కక్షిదారే చూసుకుని నాకు ఫోన్ చేస్తాడు. చెయ్యి తడిపితే ముందుకు జరిగే ఫైలు ఇక్కడ లేదు. చట్టం ముందు అందరూ సమానం అన్న మాట కనీసం క్యూ విషయంలో నిజమైంది.

చిక్కల్లా యంత్రం వద్దన్నప్పుడే. ఒక అప్పీలుకు అర్ధరాత్రితో గడువు. పదకొండున్నరకే అప్‌లోడ్ నొక్కాను. 99 శాతం దగ్గర చక్రం తిరుగుతూ ఉండిపోయింది. 12 దాటాక ఎర్ర అక్షరాల్లో ‘సమర్పణ విఫలమైంది’ అని వచ్చింది. ఎందుకో చెప్పలేదు. కౌంటర్ దగ్గరి గుమస్తా విసుక్కునేవాడే గానీ, ‘మూడో పేజీలో సంతకం లేదు, పెట్టుకు రండి’ అనేవాడు. ఆలస్యం మన్నించమని వేరే అర్జీ పెట్టుకున్నాను. దానికి ఆధారంగా నిలబడింది నా స్క్రీన్‌షాటే. అప్పటి నుంచి ప్రతి మెట్టులోనూ ఒకటి తీస్తున్నాను. ఇంట్లో పెళ్లి ఫొటోలకన్నా అవే ఎక్కువ.

ఇదంతా చాదస్తం అనేవాళ్లకు బ్రిటన్ పోస్టాఫీసు సంగతి చెప్తాను. హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ లెక్కల్లో డబ్బు తక్కువైనట్టు చూపించింది. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా సబ్‌పోస్ట్‌మాస్టర్లను, అంటే చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లను, కోర్టులు దోషులన్నాయి. కంప్యూటర్ సరిగానే పనిచేసి ఉంటుందని అక్కడి చట్టం ముందే నమ్ముతుంది. కాదని చూపించే భారం నిందితుడి మీద. లోపల ఏం జరిగిందో చూసే వీలు మాత్రం అతనికి లేదు. చివరికి 2024లో పార్లమెంటే చట్టం చేసి ఆ శిక్షల్లో చాలావాటిని కొట్టేయాల్సి వచ్చింది.

ఇంకోటి. ఓటీపీ తిప్పలు పడలేక ఒక పెద్దాయన తన కేసుకు నా నంబరే ఇచ్చాడు. నోటీసు ఆయనకు అందినట్టు రికార్డులో ఉంటుంది, చదివింది నేను. నేను ఊళ్లో లేకపోతే? ఈ ప్రశ్న ఎవరికి రాయాలో ఆ సైట్‌లో ఎక్కడా లేదు.

యూరప్ డేటా రక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. అందులో 22వ అధికరణం కింద, కేవలం యంత్రం తీసుకున్న నిర్ణయాలు కొన్నింటిని మనిషి చేత మళ్లీ చూపించుకునే హక్కు ఉంది. నాకు కావాల్సింది కూడా అలాంటి ఒక్క బటనే.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. గడువుకు రెండు రోజుల ముందే వేసేయండి. రసీదు నంబరు మాత్రం కాగితం మీద రాసి పెట్టుకోండి.