లోహం పైపొరలో పరమాణువుల ఊపు చూడాలంటే హీలియమా, లేజరా?

కావలిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే మా మేనల్లుడు ఆదివారం వచ్చి అడిగాడు: "మామా, లోహం మీద పరమాణువులు ఎట్టా ఊగుతాయో చూడాలంటే హీలియమా, లేజరా, ఏది మేలు?"

"నీకు ఊపు లెక్క కావాలా, ఊపు ఎట్టా మొదలైందో కావాలా? ముందది చెప్పు అబ్బయా" అన్నాను. "ప్లాటినం మీద అంటుకున్న సీజియం పరమాణువులను వేడెక్కిన ఎలక్ట్రాన్లు ఎట్టా నెడతాయో కావాలి" అన్నాడు.

లెక్కే కావాలంటే హీలియం మేలు. జర్మనీలోని గోటింగెన్‌లో భౌతిక శాస్త్రవేత్త టోనిస్ బృందం 1980ల్లో సానబట్టిన పద్ధతి అది. హీలియం పరమాణువులు లోహం లోపలికి దిగవు, పైపొరను తాకి తిరిగొస్తాయి. వాటి వేగం ఎంత మారిందో కొలిస్తే కంపనం శక్తి తెలుస్తుంది. పొడుగు అలలే కాదు, పక్కపక్క పరమాణువులు ఎదురెదురుగా ఊగే పొట్టి అలలూ దొరుకుతాయి. లేజర్‌కి ఆ సత్తా లేదు. కాంతి తరంగం 800 నానోమీటర్లు, పరమాణువుల మధ్య ఎడం దాదాపు 0.3 నానోమీటర్లే. అందుకే పరమాణువులన్నీ కలిసి ఒకే లయలో ఊగితేనే దానికి కనిపిస్తుంది.

అయినా నా మొగ్గు లేజర్ వైపే. చీమకుర్తిలో గ్రానైట్ రాయిని సుత్తితో తట్టి, మోతను బట్టి లోపల పగులుందో లేదో చెప్పడం చూశాను. ఇక్కడ మొదటి లేజర్ పల్స్, అంటే క్షణమాత్రపు వెలుగు తునక, ఆ సుత్తి దెబ్బ. లోహంలో ఎలక్ట్రాన్లు వేడెక్కి పరమాణువులను కదుపుతాయి. రెండో పల్స్ కాస్త ఆలస్యంగా వచ్చి చూస్తుంది. ప్లాటినం మీద సీజియం సెకనుకు దాదాపు 2.3 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది, అంటే ఊపుకు 435 ఫెమ్టోసెకన్లు (సెకనులో పది కోట్ల కోట్లవ వంతు ఒక ఫెమ్టోసెకను). దాన్ని పట్టే పని ఓ అద్దానిది. రెండో పల్స్ దారిలో అద్దాన్ని 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెనక్కి జరిపితే కాంతికి రానూపోనూ 2 మైక్రాన్ల దారి పెరిగి 6.7 ఫెమ్టోసెకన్లు ఆలస్యమవుతుంది. ఒక పూర్తి ఊపుకు 65 మైక్రాన్లు చాలు. ఈ లెక్క వేసి చూపిస్తే వాడు తలవెంట్రుక ఒకటి పీకి కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు. అంత మందమే!

"లోపలి పొరల గోల కలవదా మామా?" మంచి ప్రశ్న. ప్లాటినం, రాగి లోపలి అమరిక సౌష్ఠవంగా ఉంటుంది, అక్కడ పంపిన కాంతికి రెట్టింపు పౌనఃపున్యం, అంటే సగం తరంగదైర్ఘ్యం, ఉన్న కాంతి దాదాపు పుట్టదు. ఆ సౌష్ఠవం తెగే పైపొరలోనే పుడుతుంది. 800 నానోమీటర్ల పల్స్ పంపి, తిరిగొచ్చే 400 నానోమీటర్ల కాంతినే లెక్కపెడితే వినిపించేది పైపొర మాటే.

ఒక్క ఇబ్బంది, పల్స్ ఊపు కన్నా పొట్టిగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ బంధం ఊపు 16 ఫెమ్టోసెకన్లే. అక్కడ ఎలక్ట్రాన్లను పంపి అవి కోల్పోయిన శక్తిని కొలిచే పాత పద్ధతే సులువు. వాడు అడిగింది సీజియం గురించి, అదీ వేడెక్కిన ఎలక్ట్రాన్లు దాన్ని ఎట్టా నెడతాయని. దానికి లేజరే.