గల్ఫ్ నుంచి ఇంటికి: ఫైనల్ ఎగ్జిట్, ఆమ్నెస్టీ, డిపోర్టేషన్‌లలో ఏది మేలు?

దేవరకొండ తండాల నుంచైనా, నారాయణపేట నుంచైనా గల్ఫ్‌కు పోయి చిక్కుకున్నవాళ్ల ఇంట్లోవాళ్లు అర్జీలో ఒకటే రాస్తారు: ‘మావాణ్ని ఇండియాకు వాపస్ పంపించండి.’ ఏ దారిలో పంపాలన్నది అందులో ఉండదు. మనిషి భవిష్యత్తు ఆధారపడేది మాత్రం ఆ దారి మీదే.

ఎంబసీ కాగితాల్లో కనిపించే రిపాట్రియేషన్ అంటే పరాయి దేశంలో ఉన్న మనిషిని సొంత దేశానికి చేర్చడం. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లిన శ్రామిక్ రైలు కూలీలను ఇంటికి చేర్చింది, కానీ అది రిపాట్రియేషన్ కాదు, ఎవరూ దేశ సరిహద్దు దాటలేదు. కరోనాలో విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చేందుకు అదే నెల 7న మొదలైన వందే భారత్ మిషన్ విమానాలది రిపాట్రియేషనే. డిపోర్టేషన్ వేరు. అక్కడి ప్రభుత్వం తప్పు పట్టి వెళ్లగొట్టడం అది. ఎలా వచ్చినా దిగేది శంషాబాద్‌లోనే. తేడా తర్వాత, మళ్లీ వీసాకు పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

నా లెక్కలో ఫైనల్ ఎగ్జిట్‌ను, అంటే ఉద్యోగం ముగించుకుని పద్ధతి ప్రకారం దేశం వదలడాన్ని, మించింది లేదు. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ఒప్పుకుని పంపిస్తాడు, రికార్డు మీద మచ్చ పడదు, సర్వీసు డబ్బు అడిగే హక్కుంటుంది. సౌదీలో కాంట్రాక్టు పూర్తి చేస్తే మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కట్టివ్వాలి. నాలుగేళ్లు చేసినవాడికి రెండు నెలల జీతం. వీసా కోసం తెచ్చిన అప్పు ఇంకా మిగిలిన ఇంటికి అది చిన్న మొత్తం కాదు. జాగ్రత్త పడాల్సింది చివర్లో. టికెట్ చేతికిచ్చే ముందు అరబిక్‌లో ఉన్న కాగితం మీద సంతకం పెట్టమంటారు. ‘రావాల్సిందంతా ముట్టింది’ అని అందులో ఉండొచ్చు. తెలిసినవాళ్లతో చదివించుకోకుండా పెట్టొద్దు. జీతం బాకీ ఉండగానే రావాల్సి వస్తే ఎంబసీ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున వేరేవాళ్లు అడిగే అధికార పత్రం, ఇచ్చి రావాలి.

కఫీల్ హురూబ్ పెట్టాడనుకోండి, అంటే పనిలోంచి పారిపోయాడని ఫిర్యాదు చేశాడనుకోండి, ఫైనల్ ఎగ్జిట్ దొరకడం చాలా కష్టం. అప్పుడు ఆమ్నెస్టీ, అంటే కాగితాలు సరిగా లేనివాళ్లను శిక్ష లేకుండా వెళ్లనిచ్చే ప్రభుత్వ క్షమాభిక్ష, మంచి దారే, కానీ అది ఎప్పుడు తెరుస్తారో మన చేతిలో లేదు. యూఏఈలో 2018లో ఇచ్చారు, మళ్లీ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఇచ్చారు. అక్కడ వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా, ఏడాదికి 18 వేలు దాటిపోతుంది. 2024లో అదంతా మాఫీ చేశారు, వెళ్లిపోయినవాళ్ల మీద నిషేధం కూడా వేయలేదు. పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లకు ఎంబసీ ఔట్‌పాస్ ఇస్తుంది, ఇండియాకు ఒక్కసారి రావడానికే అది పనికొస్తుంది. అయితే బ్యాంకు లోన్ కేసో, పోలీసు కేసో ఉంటే ఆమ్నెస్టీతో అది పోదు.

‘పోలీసులకు దొరికిపో, ఫ్రీగా పంపేస్తారు’ అని చెప్పేవాళ్లున్నారు. వింటేనే నాకు కోపమొస్తుంది. తర్హీల్‌లో (డిపోర్ట్ చేసేవాళ్లను నిర్బంధించే కేంద్రంలో) ఎన్నాళ్లు ఉంచుతారో తెలియదు, వేలిముద్రలు తీసుకుంటారు, మళ్లీ ఆ దేశం పోవడానికి దారి మూసుకుపోవచ్చు, జీతం బాకీ సంగతి అడిగే నాథుడుండడు. మిగిలేది టికెట్ డబ్బొక్కటే. దానికీ వేరే దారుంది. దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్ల టికెట్‌కు ఎంబసీల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో (పనికి పోవాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ తప్పనిసరి అని ఉండేది), కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఇచ్చే ఆ క్లియరెన్స్‌తో పోయినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. తమ తప్పు లేకుండా మధ్యలో ఉద్యోగం పోతే తిరుగు టికెట్ దాని కిందికి వస్తుంది. విజిట్ వీసా మీద పంపిన ఏజెంట్ ఈ బీమా లేకుండా చేసినట్టే.

అందుకే అర్జీలో ‘వాపస్ పంపించండి’తో ఆపకుండా, ‘కఫీల్‌తో మాట్లాడి ఫైనల్ ఎగ్జిట్, జీతం బాకీ ఇప్పించండి, కుదరకపోతే ఔట్‌పాస్ ఇచ్చి పంపించండి’ అని రాయండి. పాస్‌పోర్టు నంబరు, ఇఖామా (అక్కడి నివాస అనుమతి కార్డు) నంబరు, కఫీల్ ఫోన్ నంబరు తప్పనిసరి. ఇఖామా ఫొటో ఉంటే జత చేయండి, కంపెనీ అసలు పేరు చాలాసార్లు అందులోనే దొరుకుతుంది. విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో ముందు ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు కూడా వేసి, గల్ఫ్ బాధితుల అర్జీలు తీసుకునేందుకు హైదరాబాద్ ప్రజాభవన్‌లో జరిగే ప్రవాసీ ప్రజావాణిలో ఇవ్వండి.