వీఓటూ మ్యాక్స్ టెస్ట్ ఆఫర్: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

వీఓటూ మ్యాక్స్ అంటే ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంకె. ముఖానికి మాస్క్ పెట్టి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి దాన్ని కొలుస్తామనే పోస్టర్ రన్నర్ల గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల వైపు ఉన్న ఒక ఫిట్‌నెస్ స్టూడియోది. పేరు రాయను, టెస్ట్ చేసిన తీరు రాస్తాను. ఐదు వేలు తీసుకుని రంగురంగుల పీడీఎఫ్ చేతిలో పెట్టారు. అందులో అంకెలు దేనికీ పనికిరావు.

మాస్క్ ఒకటే సైజు. ముక్కు పక్కనుంచి గాలి తన్నుకొచ్చి కళ్లజోడు మసకబారింది. చెబితే "పర్లేదు సార్, సాఫ్ట్‌వేర్ అడ్జస్ట్ చేసుకుంటుంది" అన్నాడు అక్కడి కుర్రాడు. పక్కకి పోయిన ఊపిరిని ఏ సాఫ్ట్‌వేర్ లెక్కపెడుతుంది? రిపోర్టే సాక్ష్యం: పరుగు మొదలవక ముందు, నిలబడి ఉన్నప్పుడు నా ఆక్సిజన్ వాడకం కిలో బరువుకు నిమిషానికి 1.9 మి.లీ. అట! ఊరికే కూర్చున్న మనిషికే 3.5 దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన నేను సగమే బతికున్నాను.

అసలు గొడవ స్పీడ్‌తో. అర నిమిషానికోసారి పెంచుకుంటూ పోయాడు. ట్రెడ్‌మిల్ వేగం పెరగ్గానే ఒంట్లో ఆక్సిజన్ వాడకం అంతే చటుక్కున పెరగదు, వెనకబడి వస్తుంది. తేలిక పరుగులోనే నిలకడకు రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. గట్టి వేగంలో అయితే ఆ తర్వాత కూడా మెల్లగా పైకి పాకుతూనే ఉంటుంది. గరిష్ఠం ఒక్కటే తెలియాలంటే ఇలా చకచకా పెంచడం తప్పేమీ కాదు. మామూలుగా 8 నుంచి 12 నిమిషాల్లో మనిషి అలిసిపోయేలా చూస్తారు. కానీ అదే గ్రాఫ్ పట్టుకుని, ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా ట్రైనింగ్ జోన్లు (ఏ రకం పరుగు ఎంత వేగంతో చేయాలో) గీసిచ్చారు. "ఈజీ పేస్" అని రాసింది నా 10 కిలోమీటర్ల పందెం పేస్!

పోనీ గరిష్ఠమైనా కొలిచారా అంటే అదీ లేదు. తర్వాతి స్లాట్ వాళ్లు వచ్చారని మిషన్ ఆపేశారు. వదిలే కార్బన్ డయాక్సైడ్‌కీ వాడుకునే ఆక్సిజన్‌కీ ఉన్న నిష్పత్తి, అంటే ఆర్‌ఈఆర్, అప్పటికి 0.94. పూర్తి శ్రమ పెట్టారనడానికి మామూలుగా 1.10 దాటిందా అని చూస్తారు. అయినా రిపోర్టులో పెద్దక్షరాలతో "మ్యాక్స్". వెంటనే "మీకు చాలా తక్కువుంది సార్" అంటూ మూడు నెలల ప్యాకేజీ. ఇప్పుడర్థమైందా అంకె ఎందుకు తగ్గిందో?

ఎక్కడ చేయించుకున్నా కాలిబ్రేషన్ మీ కళ్ల ముందు చేయమనండి. 3 లీటర్ల సిరంజితో గాలి కొలత, తెలిసిన మోతాదు గ్యాస్ సిలిండర్‌తో సెన్సర్ సరిచూడాలి. మాస్క్ పెట్టాక దాని రంధ్రం అరచేత్తో మూసి ఊదండి, అంచుల్లోంచి చుక్క గాలి రాకూడదు. జోన్లు కావాలంటే ఒక్కో వేగం మీద ఎన్ని నిమిషాలు ఉంచుతారో అడగండి. గుండె సమస్య, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఇలాంటి చోట ట్రెడ్‌మిల్ ఎక్కొద్దు. ఈసీజీ, డాక్టర్ ఉన్న ఆస్పత్రిలోనే.

డబ్బు వాపసు లేదన్నారు. రా డేటా, అంటే మిషన్ నమోదు చేసిన అసలు అంకెలు, అడిగితే "పాలసీ కాదు" అని మెసేజ్. ఈ ఆదివారం స్లాట్ బుక్ చేసుకున్నవాళ్లు మిగతా సగం కట్టకముందే రా డేటా ఇస్తామని వాట్సాప్‌లో రాయించుకోండి.