కథ నెత్తిన పట్టిక: ఎరోవిడ్ అనుభవ కథనాలపై చాలాకాలపు పాఠకురాలి సమీక్ష

ఎరోవిడ్‌లోని అనుభవ కథనాల విభాగాన్ని కొన్నేళ్లుగా పని నిమిత్తం తెరుస్తూనే ఉన్నాను. మత్తు పదార్థాల గురించిన సమాచారమూ, వాటిని తీసుకున్నవారు రాసి పంపిన అనుభవాలూ ఉండే ఇంగ్లీషు వెబ్‌సైటు ఇది. గోడలు కరిగిపోయాయనే వర్ణనలూ, దేవుణ్ణి చూశామనే సాక్ష్యాలూ అందులో కొల్లలుగా ఉన్నా, నన్ను ఇప్పటికీ పట్టి ఉంచుతున్నది ప్రతి కథనానికీ నెత్తిన ఉండే చిన్న పట్టిక. ఏ పదార్థం, ఎంత మోతాదు, నోటి ద్వారానా పొగ ద్వారానా, ఆకా పొడా కాగితపు ముక్కా, మొదటిది తీసుకున్న ఎంతసేపటికి రెండోది తీసుకున్నారు, మనిషి బరువెంత అన్నవి అందులో వరసగా ఉంటాయి. కథ ముగిశాక అడుగున అనుభవం జరిగిన సంవత్సరం, అప్పటి వయసు, ఆడా మగా అన్నవి కనిపిస్తాయి. ఒంటరిగా జరిగిందా, నలుగురిలో జరిగిందా అన్నదాన్ని బట్టి కూడా కథనాలను వర్గీకరిస్తారు. వయసు చెప్పనివారి దగ్గర చెప్పలేదనే ఉంటుంది గాని, ఊహించి నింపిన అంకె ఉండదు. ఈ సైటు 1995లో మొదలైందనీ, దాన్ని నడిపే జంట ఎర్త్, ఫైర్ అనే మారుపేర్లతోనే లోకానికి పరిచయమనీ ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవారికి తెలిసిందే కనుక ఆ చరిత్రలోకి వెళ్లను. పట్టిక గురించి మాత్రం కాస్త తీరికగా చెప్పాలని ఉంది.

నేను బెంగళూరులో ఒక మానసిక వైద్యశాలలో కౌన్సెలర్‌ని. ఈ పదార్థాల్లో వేటినీ తీసుకున్నదాన్ని కాను, తీసుకునే ఉద్దేశమూ లేదు. కాబట్టి ఈ కథనాలు అనుభవాన్ని ఎంత బాగా పట్టుకున్నాయో తేల్చే అర్హత నాకు లేదు. నాకున్న అవసరం వేరు. మా దగ్గరికి వచ్చే తెలుగు కుర్రాళ్లలో చాలామంది మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండేవారు. ఏం తీసుకున్నావని అడిగితే స్టాంపు అంటారు, అంటే భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డి అనే పదార్థం అద్దిన కాగితపు ముక్క; సగమే అంటారు. దేనిలో సగమంటే తెల్లమొహం వేస్తారు. దాంతోపాటు ఇంకేం వేసుకున్నావన్నది అసలు చెప్పదగిన సంగతని వాళ్లకు తోచదు. రాత్రి తాగిన బీరు, జలుబుకు వేసుకున్న మాత్ర, మూణ్ణెల్లుగా వాడుతున్న డిప్రెషన్ మందు, ఇవన్నీ మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో గాని బయటికి రావు. ఆ ప్రశ్నలన్నీ ముందే అడిగేసి, జవాబులను కథకు పైన పెట్టి, అప్పుడు గాని కథ చెప్పనివ్వని చోటు ఒకటి ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు.

పట్టిక పెట్టడం ఎరోవిడ్ కనిపెట్టిన విద్య కాదు. ఎల్‌ఎస్‌డిని మనిషి కావాలని తీసుకున్న మొదటిసారి రాసుకున్న నోటు కూడా అలాగే మొదలవుతుంది. 1943 ఏప్రిల్ 19న, బాసెల్‌లోని సాండోజ్ ప్రయోగశాలలో, సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు 0.25 మిల్లీగ్రాములు నోటి ద్వారా తీసుకున్నట్టు, ఆ పదార్థాన్ని తయారుచేసిన స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ రాసుకున్నాడు. 5 గంటలకు తల తిరగడం, ఆందోళన, చూపు చెదరడం, నవ్వు రావడం అని రాశాడు. ఆపైన చెయ్యి సాగక ఆ నోటు ఆగిపోయింది. తర్వాత ఆ మత్తులోనే ఇంటికి తొక్కిన సైకిల్ గురించి చెప్పుకోనివారు లేరు. అయితే ఆ మోతాదు అవసరానికి మించి ఎక్కువని తర్వాతివారు గ్రహించగలిగింది ఆ 0.25 అన్న అంకె కాగితం మీద మిగిలి ఉండబట్టే.

ఈ పట్టిక విలువ నాకు నిజంగా తెలిసివచ్చిన సందర్భం ఒకటుంది. ఆ మనిషిని ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. కడప వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అబ్బాయికి బైపోలార్ సమస్య ఉంది, అంటే మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బు; దానికిచ్చే లిథియం మాత్రల మీద నిలకడగా ఉన్నాడు. స్నేహితులు కొడైకెనాల్ వెళ్తున్నారనీ, అక్కడ మత్తెక్కించే పుట్టగొడుగులు దొరుకుతాయట అనీ, రెండు రోజుల ముందు లిథియం ఆపేస్తే సరిపోతుందా అనీ నన్ను అడిగాడు. అప్పటికే డాక్టరుగారు వద్దని చెప్పారు, గట్టిగానే చెప్పారు. అయినా అతని మొహంలో ఆ మాట ఎక్కిన జాడ లేదు. "డాక్టర్లు అన్నిటికీ వద్దనే అంటారు మేడం, కాఫీ కూడా వద్దన్నారు" అన్నాడు.

డాక్టరుగారి అనుమతితోనే అతన్ని నా పక్కన కూర్చోబెట్టుకుని, రెండు పదార్థాల పేర్లూ కలిపి వెతికి, వచ్చిన కథనాల్లో కొన్ని తెరిచాను. ఇంగ్లీషు చదవడం అతనికి కష్టమేమీ కాదు గనుక నేను నోరు మెదపలేదు. మొదట అతని చూపు కథ మీదికే పోయింది. స్నేహితులు, సంగీతం, నవ్వులు అన్నీ అతనికి తెలిసిన లోకమే కాబట్టి కాస్త హుషారుగానే చదివాడు. ఈ రెండూ కలిసి ఫిట్స్ వచ్చిన మనిషికి ఆ కాసేపూ గుర్తుండదు కనుక ఇలాంటి కథనాల మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. ఖాళీకి అవతల కథ అంబులెన్సులోనో ఆసుపత్రిలోనో మళ్లీ మొదలవుతుంది. అక్కడికి వచ్చాక అతను వెనక్కి, పేజీ పైకి వెళ్లాడు. పట్టికలో పుట్టగొడుగుల వరసకు కింద లిథియం వరస ఉంది, పక్కన రోజువారీ మోతాదు ఉంది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు. "నాదీ తొమ్మిది వందలే కదా మేడం" అన్నాడు.

తర్వాత జరిగిన మాటలు మామూలువే. లిథియాన్ని ఉన్నట్టుండి ఆపితే పాత జబ్బు తిరగబెట్టవచ్చని, ఆ దారీ మంచిది కాదని వివరించాను. ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ కుక్కకూడదని, 108కి ఫోన్ చేయాలని, ఏం తీసుకున్నదీ దాచకుండా చెప్పాలని రాసి ఇచ్చాను. బయటికి వెళ్తూ, "వీళ్లకు మనతో పనేం లేదు కదా మేడం, అబద్ధం ఎందుకు రాస్తారు" అన్నాడు. కొడైకెనాల్ వెళ్లాడు గాని, కారు నడిపే బాధ్యత తనే తీసుకున్నానని చెప్పి ఆ సంగతి దాటేశాడట. పట్టిక అతన్ని ఆపిందో, అప్పటికే లోలోపల ఉన్న భయానికి ఒక సాకు దొరికిందో నేను చెప్పలేను.

ఇది ఒక్కరి కథ. అదే పట్టికలను వందల సంఖ్యలో పక్కపక్కన పెడితే ఏమవుతుందో 2021లో ఫార్మకోసైకియాట్రీ అనే పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఎరోవిడ్‌తో సహా కొన్ని ఆన్‌లైన్ చోట్ల నుంచి 96 కథనాలు తీసుకున్నారు. ఎరోవిడ్ నిర్వాహకులిద్దరూ ఆ పత్రానికి సహరచయితలు. లిథియం వాడుతూ సైకెడెలిక్ పదార్థాలు, అంటే ఎల్‌ఎస్‌డి, పుట్టగొడుగుల వంటి భ్రమలు కలిగించేవి, తీసుకున్నవి 62, లామోట్రిజిన్ వాడుతూ తీసుకున్నవి 34. మొదటి రకంలో 47 శాతం కథనాల్లో ఫిట్స్ ఉన్నాయి, 39 శాతంలో వైద్యసహాయం అవసరమైంది. రెండో రకంలో ఒక్కదానిలో కూడా ఫిట్స్ లేవు. రెండూ బైపోలార్‌కు ఇచ్చే మందులే. ఇలాంటి ప్రశ్నకు ఆసుపత్రిలో ప్రయోగం పెట్టి జవాబు రాబట్టడం అయ్యే పని కాదు. ఫిట్స్ వస్తాయేమోనన్న అనుమానం ఉండగా మనుషులకు లిథియాన్నీ సైకెడెలిక్‌నీ కలిపి ఇవ్వడానికి ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. ఎవరెవరో అపరిచితులు, ఎవరూ జీతమివ్వకుండా, తాము వాడే మాత్రల పేర్లు కూడా రాసిపెట్టబట్టి ఈ సంగతి తేలింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట కలపాలి. ఆ 47 శాతాన్ని, లిథియం వాడేవారు సైకెడెలిక్స్ తీసుకుంటే నూటికి 47 మందికి ఫిట్స్ వస్తాయని చదువుకోకూడదు. ఏమీ జరగనివాడు ఏమీ జరగలేదని కూర్చుని రాయడు. భయపడినవాడో, పరవశించినవాడో రాస్తాడు. ఈ సంచయం నిండా ఆ రెండు రకాల మనుషులే. లెక్క ఎంతన్నది అందులోంచి తేలదు. ప్రమాదం ఉందన్న హెచ్చరిక మాత్రం తేలుతుంది, నా పనికి అది చాలు.

మరో లోపం ఇంకా లోతైనది, అది నేను ఇంతసేపూ పొగిడిన పట్టికలోనే ఉంది. అందులో ఉన్నది మనిషి తీసుకున్న పదార్థం కాదు, తీసుకున్నానని నమ్మిన పదార్థం. 2010 తర్వాత కొన్నేళ్లపాటు చాలా దేశాల్లో ఎల్‌ఎస్‌డి పేరిట ఎన్‌బోమ్ రకపు ప్రమాదకరమైన కృత్రిమ రసాయనాలు అవే కాగితపు ముక్కల మీద అమ్ముడయ్యాయి, కొన్ని ప్రాణాలు కూడా తీశాయి. కాగితం చేదుగా ఉందనో, నాలుక మొద్దుబారిందనో కథలో ఒక వాక్యం దొర్లితే పట్టికలోని ఎల్‌ఎస్‌డి అన్న పేరు మీద అనుమానం రావాలి. పట్టిక మాత్రం తనంతట తాను ఆ అనుమానం చెప్పదు. రెండు కాగితపు ముక్కలు అన్నది మోతాదే కాదు, ఒక్కో ముక్క మీద ఎంత ఉందో ప్రయోగశాలకు గాని తెలియదు. పుట్టగొడుగుల్లో ఒక్కోదాని బలం ఒక్కోలా ఉంటుంది. ఇక మన భంగు సంగతి చెప్పనే అక్కర్లేదు. గ్లాసు అన్నదే అక్కడ కొలత. అందుచేత ఇప్పుడు నేను ముందు పట్టిక చదివి, తర్వాత కథ చదివి, మళ్లీ పట్టికకు వచ్చి కథకు అది సరిపోయిందా అని చూస్తాను. మొదట్లో ఉన్న గురి ఇప్పుడు లేదు, వాడకం మాత్రం తగ్గలేదు.

ఈ పని కొంతవరకు చదివి వడపోసే స్వచ్ఛంద సేవకులు కూడా చేస్తారు. పంపిన కథనం పంపినట్టే పైకి రాదు, మనుషులు చదివి, మార్కులు వేసి, వర్గాలుగా విడదీశాకే వస్తుంది. కష్టమైన అనుభవాలకు ఒక వర్గం, ఆరోగ్య సమస్యలకు ఒకటి, పూర్తిగా అదుపు తప్పినవాటికి మరొకటి ఉన్నాయి. మత్తులో బండి నడిపానని ఎవరైనా మురిసిపోతూ రాస్తే, ఆ వాక్యం పక్కనే, అది ఇతరుల ప్రాణాలకు ముప్పనీ అలా చేయవద్దనీ సంపాదకుల గమనిక చేరుతుంది. కథను తొలగించరు, మందలిస్తారు. ఆ తూకం నాకు నచ్చింది. దీనికి చెల్లించే మూల్యం ఆలస్యం. ఒక అనుభవానికీ అది ప్రచురణకు రావడానికీ మధ్య ఏళ్లు గడిచిన కథనాలు కనిపిస్తాయి. ఈ నెల ఊరిలోకి కొత్తగా ఏ మాత్ర వచ్చిందో తెలుసుకోవాలనుకుంటే ఇది చోటు కాదు.

అన్నట్టు, వీటిని మనుషులకు బదులు యంత్రంతో చదివించినవారూ ఉన్నారు. 2022లో సైన్స్ అడ్వాన్సెస్‌లో వచ్చిన పరిశోధన ఇక్కడి 6,850 కథనాలను, 27 పదార్థాలకు సంబంధించినవాటిని, కంప్యూటరుతో విశ్లేషించి మెదడులో ఆ పదార్థాలు అంటుకునే చోట్లైన గ్రాహకాలతో ముడిపెట్టింది. ఆసక్తికరమే గాని నా ఎదుట కూర్చున్న మనిషికి అది పనికిరాదు. అతనికి కావలసింది తన వయసువాడు, తన మాత్ర వేసుకునేవాడు ఒక్కడు.

ఇలాంటిది తెలుగులో ఉంటే అన్న ఆలోచన మా వైద్యశాలలో కొందరికి వచ్చింది. వీధి మందుల అనుభవాలు సేకరించే ఊహ మొదటి రోజే విరమించుకున్నాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద వాడడమూ నేరమే. ఎల్‌ఎస్‌డి విషయంలో 2 మిల్లీగ్రాములకే చిన్న పరిమాణపు హద్దు ముగుస్తుంది, 100 మిల్లీగ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. పేరు రాయకపోయినా ఫోన్ నంబరు వెనక మనిషి ఉంటాడు. అందుకని డాక్టరు పర్యవేక్షణలో, డిప్రెషన్‌కు కెటమిన్ ఎక్కించుకున్నవారి అనుభవాలకే పరిమితమయ్యాం, అదీ వారి రాతపూర్వకమైన అంగీకారంతో. ఇది ఆపరేషన్లప్పుడు స్పృహ తప్పించడానికి డాక్టర్లు వాడే ఔషధమే గనుక ఇలాంటి వైద్య వాడకానికి చట్టం అడ్డు రాదు. సాధారణంగా కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున 40 నిమిషాల్లో ఎక్కిస్తారు.

పట్టికను ఎరోవిడ్ నుంచే నేర్చుకున్నాం గాని, మాకు ఒక వెసులుబాటు ఉంది: మోతాదు నమ్మకం మీద ఆధారపడదు, నర్సు షీటులో ఉంటుంది. చిత్తూరు వైపు ఒక రిటైర్డు టీచరుగారు తన మంచం కింద నేల లేదనీ, కాలువలో వేసిన అరటిదొప్పలా తను ఎటో సాగిపోయాననీ, ఒక పూటంతా అలాగే గడిచిందనీ చెప్పారు. షీటులో చూస్తే ఆ భాగం ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో ఆమె రక్తపోటు పెరిగి దిగింది. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆమె నవ్వి, "అయితే నా పూట మీ ఎనిమిది నిమిషాలా అమ్మా" అన్నారు. తర్వాతి విడతలో కొత్తగా వచ్చినవారికి ధైర్యం చెప్పడానికి ఆమె కథనాన్నే వాడుతున్నాం. సంచయం ఇంకా చిన్నది. ఎవరైనా చదవదలచుకుంటే వైద్యశాలలోనే చదవాలి.

ఇంతకీ ఎరోవిడ్ ఎవరికి పనికొస్తుందంటే, నాలాగా ఎదుటివారిని ప్రశ్నలడిగే వృత్తిలో ఉండి, ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగి, చదివినదాన్ని అనుమానించే తీరిక ఉన్నవారికి. ఇంట్లో అబ్బాయి గదిలో ఏదో దొరికిందని బెంబేలెత్తిన తల్లిదండ్రులకు నేనిది సూచించను. మొదట కనబడే నాలుగు కథలు పరవశానివైతే ఒక రకం గాభరా, ప్రమాదానివైతే మరో రకం గాభరా. వారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయడం మేలు, అక్కడ తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. జబ్బు ముదిరి ఉన్నవారి చేతికి కూడా ఈ కథనాలు నేరుగా ఇవ్వను. ఆ కథనాలకు హక్కులున్నాయి కనుక అచ్చుతీసి పంచే పనీ పెట్టుకోను. అవసరమైనదాన్ని నేనే వెతికి, పక్కన కూర్చుని, పట్టికతో మొదలుపెట్టి చదివిస్తాను. మా డాక్టరుగారు ఒప్పుకోని చోట అదీ చేయను.